కేబుల్ దిగినంత మాత్రాన

ఫ్లాష్ వెలిగితే ఫొటో పడినట్టే అని నమ్మేవాళ్ళు ఈ రోజుకీ ఉన్నారు. పెద్ద కెమెరా మెడలో వేసుకుంటారు. చేతికి దొరికిన ఫ్లాష్ దానిమీద బిగిస్తారు. టప్పున ఒకసారి వెలగగానే ఇక అంతా సిద్ధం అనుకుంటారు. చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మండి ఏం లాభం, వాళ్ళను ఆపి చెప్పడానికి ఇప్పుడు నాకు అంగడి లేదు. అందుకే రాస్తున్నాను.

నేను ఫొటోగ్రాఫర్ని కాదు. నేను తీసిన ఫొటో ఎవరి గోడ మీదా లేదు. మదనపల్లెలో ముప్పై ఏండ్లకు పైగా ఫ్లాష్‌లు, వాటి కేబుళ్ళు బాగుచేశాను. పుంగనూరు, వాల్మీకిపురం, కురబలకోట, అటు కుప్పం దాకా స్టూడియోలవాళ్ళు నా దగ్గరికే వచ్చేవాళ్ళు. నా చదువు ఏడో తరగతి. ఇంగ్లీషు కూడబలుక్కుని చదవడం తర్వాత అవసరం కొద్దీ వచ్చింది. ఆ అవసరం ఎలా పుట్టిందో చెప్పడమే ఈ రాతలో సగం.

ఇప్పటివాళ్ళు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఫిల్ము కాలంలో తీసిన బొమ్మ వెంటనే కనిపించేది కాదు. బెంగళూరు ల్యాబుకు పోయి, కడిగి, తిరిగి రావాలి. తప్పు జరిగిందని తెలిసేసరికి పెళ్ళి అయిపోయేది, పందిరి విప్పేసేవాళ్ళు, చుట్టాలు ఎవరి ఊళ్ళకు వాళ్ళు చేరిపోయేవాళ్ళు. మళ్ళీ ఒకసారి తాళి కట్టమని ఎవరినీ అడగలేం కదా.

పని నేర్పిన మేస్త్రీ

నాకు పని నేర్పిన మనిషి రేడియో మెకానిక్కు. మేస్త్రీ అనేవాళ్ళం. బస్టాండు వెనక సందులో ఆయన అంగడి. ఫ్లాష్‌లు కూడా ఆయన దగ్గరికే వచ్చేవి, వాటిని విప్పే ధైర్యం ఊళ్ళో ఇంకెవరికీ లేదు కాబట్టి. ఫ్లాష్ లోపల కరెంటును పట్టి దాచుకునే డబ్బా ఒకటి ఉంటుంది, కెపాసిటర్ అంటారు. బ్యాటరీలు తీసేసినా అది ఊరుకోదు. మొదటి వారంలోనే నన్ను స్టూలు మీద నుంచి కింద పడేసింది. మేస్త్రీ నవ్వలేదు, తిట్టలేదు.

"ఇప్పుడు నీకు అది తెలుసు, దానికి నువ్వు తెలుసు. ఇంక పనిలోకి దిగు" అన్నాడు.

చెవితో పనిచేయడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఫ్లాష్ స్విచ్ వేస్తే సన్నగా ఒక కూత మొదలై పైపైకి పోతుంది. ఆ కూత పోయే తీరు విని, తప్పు బ్యాటరీదో, ట్యూబుదో, కెపాసిటర్‌దో మూత తీయకుండానే చెప్పేవాడు. అంత మంచి చేతులు మళ్ళీ నేను చూడలేదు. నాకు అన్నం పెట్టిన పని ఆయన పెట్టిన భిక్ష.

కానీ ఒక చెడ్డ పాఠం కూడా ఆయనే నేర్పాడు. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం ఉంటే అది ఆ ఒక్కదానికే. ఒకరోజు ఎవరో ఒక విదేశీ ఫ్లాష్ తెచ్చి ఏదో అడిగితే నేను "నాకు తెలీదన్నా" అన్నాను. ఆ మనిషి వెళ్ళిపోయాక మేస్త్రీ నన్ను దగ్గరికి పిలిచాడు.

"తెలీదనే మాట అంగట్లో అనగూడదురా రెడ్డెప్పా. అంటే మళ్ళా ఆ మనిషి ఈ మెట్టు తొక్కడు. నోటికొచ్చింది సెప్పు, ఆనక సూసుకుందాం."

ఆయన చెప్పింది చెప్పినట్టు నేర్చుకున్నాను. ఆయన పోయాక నేను సొంతంగా అంగడి పెట్టిన తర్వాత కూడా అదే పాటించాను. అది ఎవరికి తగిలిందో తర్వాత చెబుతాను.

తర్వాత నేర్చుకున్నవి, ముందుగా

కేబుల్ దిగడం వేరు, పొసగడం వేరు. ఈ ఒక్క ముక్క అర్థమైతే నేను రాసే మిగతాదంతా చదవకపోయినా ఫరవాలేదు.

పాత ఫ్లాష్‌ల కేబుల్ కొసన గుండ్రటి చిన్న మూతి ఉండేది. దాదాపు అన్ని కెమెరాల రంధ్రాల్లోనూ అది దిగేది. మనవాళ్ళకు అది పెద్ద సౌకర్యంగా కనిపించేది. నాకు అదే పెద్ద ప్రమాదంగా కనిపిస్తుంది. అసలు దిగకపోతే మనిషి ఆగి ఆలోచిస్తాడు. దిగింది కాబట్టి ఆలోచించడు.

పాత పిడి ఫ్లాష్‌లు, అంటే కెమెరా పక్కన కర్రలా నిలబడేవి, ఆ మూతిలోంచి రెండు వందల వోల్టులకు పైనే వదిలేవి. పాత ఇనుప కెమెరాలు దాన్ని తట్టుకునేవి. లోపల చిప్పులున్న కొత్తవి తట్టుకోవు. రెండు వేల సంవత్సరం దాటాక కుప్పం నుంచి ఒక కుర్ర ఫొటోగ్రాఫర్ కొత్త డిజిటల్ కెమెరా, వాళ్ళ మామ వాడిన పిడి ఫ్లాషూ తెచ్చి, రెండింటినీ కలిపే కేబుల్ చేసిమ్మన్నాడు. మీటర్ పెట్టి ముల్లు ఎక్కడిదాకా పోయిందో అతనికే చూపించాను. చేసివ్వనన్నాను.

"దిగుతాది గదా తాతా?"

"దిగుతాదిరా. పాము గూడా పుట్టలోకి సులువుగానే దిగుతాది."

నవ్వుకుంటూ పోయాడు. వేరే చోట కేబుల్ చేయించుకున్నాడు. నాలుగో రోజు కెమెరా పట్టుకుని మళ్ళీ వచ్చాడు, ఈసారి నవ్వు లేదు. దానిలో ప్రాణం లేదు, నా దగ్గర మందూ లేదు.

ఫ్లాష్ వెలుగు ఫిల్ము మీద నిజంగా పడుతోందా లేదా అని చూడడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. ఫిల్ము లేనప్పుడు కెమెరా వెనక మూత తెరవండి. లెన్సును తెల్లగోడ వైపు తిప్పండి. వెనక నుంచి కన్నుపెట్టి చూస్తూ బటన్ నొక్కండి. ఫిల్ము ఆనే చోట ఉండే చిన్న కిటికీ మొత్తం తెల్లగా మెరిస్తే మంచిది. సగమే మెరిస్తే షట్టర్ వేగం ఎక్కువ పెట్టారు, తగ్గించండి. గది అంతా వెలిగి, ఆ కిటికీ మాత్రం నల్లగా ఉండిపోతే ఆ కేబుల్ పెట్టిన చోటు తప్పు. అర నిమిషం పని. ఈ అర నిమిషం నాకు పదిహేనేళ్ళు తెలియదు. ఎవరూ చెప్పలేదని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. నేను ఎవరినీ అడగలేదు, అదీ నిజం.

గంధం

దస్తగిరిది పుంగనూరు. నాకంటే పదేండ్లు చిన్న. వాళ్ళ నాయన స్టవ్వులకూ లాంతర్లకూ మాట్లు వేసేవాడు, కొడుకు కెమెరా పట్టాడు. ఎక్కువ మాట్లాడడు. పెళ్ళిలో ఆయన ఉన్నాడన్న సంగతే ఎవరికీ తెలిసేది కాదు, అందుకే ఆయన బొమ్మల్లో మనుషులు మనుషుల్లా ఉండేవాళ్ళు. ప్రతి నెలా ఏదో ఒక వంకతో నా అంగడికి వచ్చి కూర్చునేవాడు. నాకు తమ్ముళ్ళు లేరు.

తొంభైల మొదట్లో ఆయన బెంగళూరులో ఒక పాత విదేశీ కెమెరా కొన్నాడు. దాని ముందు భాగాన చిన్న రంధ్రాలు రెండు, ఒకదాని కింద ఒకటి. ఫ్లాష్ కేబుల్ రెండింట్లోనూ దిగుతుంది. ఆయన ఎప్పుడూ పైదాంట్లోనే పెట్టేవాడు. కొన్న చోట అలాగే చూపించారట.

మా అంగట్లో ఆయుధ పూజకు ఒక అలవాటు ఉండేది. నన్ను నమ్ముకున్న ఫొటోగ్రాఫర్లు తమ కెమెరాలూ ఫ్లాష్‌లూ తెచ్చి నా బల్ల మీద వరసగా పెట్టేవాళ్ళు. నా టంకం కడ్డీ, మీటర్, స్క్రూడ్రైవర్లతో పాటు వాటికీ గంధం, కుంకుమ పెట్టి హారతి ఇచ్చేవాణ్ణి. ఆ ఏడు దస్తగిరి కూడా కెమెరా తెచ్చాడు. పక్కన ఉన్నవాళ్ళెవరో నవ్వితే తల కూడా తిప్పలేదు.

"ఉరుసులో మేమూ గంధమే గదన్నా ఎత్తేది. నాదానికీ పెట్టు."

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. మిగతా వాటికి వేలితో చిన్న బొట్టు పెట్టాను. దస్తగిరి కెమెరాకు మాత్రం ముందు వైపు, బాగా కనిపించే చోటు చూసి, బొటనవేలితో ఒత్తి మరీ దట్టంగా పెట్టాను. సరిగ్గా పైరంధ్రం మీద.

కుప్పం బస్టాండు నుంచి ఫోను

తర్వాత నెల రోజులు దస్తగిరికి ఫ్లాష్ అవసరమే రాలేదు. స్టూడియోలో పెద్ద లైట్లు ఉండేవి, బయట ఎండ ఉండేది. కార్తీకంలో ఒక పెళ్ళి వచ్చింది. పెళ్ళికొడుకుది పుంగనూరు. పెళ్ళికూతురు మునిలక్ష్మిది కుప్పం దగ్గర పల్లె. ఆమె నాయన క్రిష్ణప్ప పట్టుపురుగులు పెంచే రైతు.

పెళ్ళి రోజు పొద్దున ఏడింటప్పుడు మా పక్క మందులషాపుకు ఫోను వచ్చింది. పరుగెత్తి తీసుకున్నాను.

"అన్నా, నేను దస్తగిరిని. కుప్పం బస్టాండులో ఫోను బూతు కాడ ఉండాను. కేబులు పైరంధ్రంలో దిగడంల్యా. లోపల ఏమో గట్టిగా అడ్డం పడిండాది."

"కింద ఇంగోటి ఉండాది గదా. దాంట్లో పెట్టి సూడు."

రిసీవరు పక్కన పెట్టిన చప్పుడు, ఆ వెనకే షట్టర్ టక్కుమన్న చప్పుడు వినిపించాయి.

"వెలిగిందన్నా. దీంట్లో పెట్టొచ్చా? రెండూ ఒకటేనా?"

ఆ ప్రశ్న ఆయన సరిగ్గానే అడిగాడు. ఆ జవాబు నాకు తెలియదు. ఒక కెమెరాకు రెండు రంధ్రాలు ఎందుకుంటాయని పదిహేనేళ్ళలో నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఒకటి చెడిపోతే ఇంకొకటి ఉంటుందిలే అనుకున్నాను, సైకిలు చక్రానికి ఇంకో ట్యూబు ఉంచుకున్నట్టు.

"రెండూ ఒకటే. వెలిగింది గదా, పో" అన్నాను.

రెండూ ఒకటి కావు. కిందది పాతకాలపు బల్బుల కోసమని తర్వాత ఇంగ్లీషు పుస్తకం కూడబలుక్కుని చదివితే తెలిసింది. ఆ బల్బు అంటుకుని పూర్తిగా వెలగడానికి కాస్త సమయం పడుతుంది, అందుకని షట్టర్ తెరుచుకోకముందే దానికి కబురు పోతుంది. మన ఎలక్ట్రానిక్ ఫ్లాష్ అలా కాదు, కబురు అందిన క్షణమే మెరిసి ఆరిపోతుంది. దాన్ని కిందరంధ్రంలో పెడితే, షట్టర్ తెరుచుకునేసరికి వెలుగు వచ్చి వెళ్ళిపోయి ఉంటుంది. చూసేవాళ్ళ కళ్ళు మాత్రం జిగేల్మంటాయి. ఫిల్ముకు ఆ సంగతే తెలియదు.

ఆ రోజు తొమ్మిదిన్నరకు ముహూర్తం. పందిట్లో ఫ్లాష్ ప్రతిసారీ వెలిగింది. పిల్లలు కళ్ళు మూసుకున్నారు, పెద్దవాళ్ళు కొంగులు సర్దుకున్నారు. దస్తగిరి జీలకర్ర బెల్లం తీశాడు, కన్యాదానం తీశాడు, తాళి తీశాడు.

క్రిష్ణప్పకు చాన్నాళ్ళుగా ఆయాసం. ఊరేగింపుకు రాలేదు, భోజనాల దగ్గరికి రాలేదు. లోపల మంచం మీద ఉన్న మనిషిని కన్యాదానానికి ఇద్దరు పట్టుకుని తెచ్చి పీట మీద కూర్చోబెట్టారు. అది అయిపోగానే మళ్ళీ మంచం మీదికి చేర్చారు. పెళ్ళైన తొమ్మిదో రోజు ఆయన చనిపోయాడు. ఓటరు కార్డులకు ఫొటోలు తీసే కాలం ఇంకా రాలేదు. ఆ మనిషి బతుకులో కెమెరా ముందు కూర్చున్నది ఆ ఒక్క పీట మీదనే.

పదకొండు రోజులు

బెంగళూరు నుంచి ఫిల్ము వచ్చింది. ఎండలో తీసిన ఊరేగింపు బొమ్మలు చక్కగా ఉన్నాయి. పందిట్లో తీసిన వాటికి ప్రింట్లే వేయలేదు. కవరు మీద ఇంటూ మార్కు పెట్టి పంపారు. ఆ ల్యాబువాళ్ళు ఒక్క నిమిషం ఆగి చూసి ఉంటే కొంతైనా కనిపించేది, యంత్రం వద్దంటే మనిషి కూడా వద్దనేయడమే అక్కడ పద్ధతి.

పెళ్ళికొడుకు తరపువాళ్ళు పుంగనూరు స్టూడియోకు వచ్చి రోడ్డు మీద నిలబడి తిట్టారు. తాగి తీశాడన్నారు. దస్తగిరి జన్మలో తాగి ఎరగడు. ఆయన కెమెరా తీసుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ఏమైందో నువ్వే సూడన్నా. నాకేం అర్థం కాలా. నా కండ్లతో సూసినా, ప్రతిసారీ వెలిగింది."

కెమెరా వదిలి వెళ్ళాడు. పైరంధ్రంలో సూది పెట్టి గీకితే పసుపుపచ్చని పొడి రాలింది. వాసన చూశాను. గంధం. ఆ తర్వాత వెనక మూత తెరిచి, తెల్లగోడ వైపు తిప్పి, ఒక రంధ్రం తర్వాత ఇంకొకటి పెట్టి చూశాను. నేను పైన చెప్పిన పద్ధతి ఆ మధ్యాహ్నం నాకు నేనే కనుక్కున్నాను. పైదాంట్లో కిటికీ మొత్తం తెల్లగా మెరిసింది. కిందదాంట్లో నల్లగా ఉండిపోయింది. ఇరవై సార్లు చేసి ఉంటాను. ప్రతిసారీ అదే.

రెండు తప్పులూ నావే. అడ్డం పెట్టిన వేలు నాది, దారి తప్పించిన నోరు నాది.

మర్నాడు దస్తగిరి వచ్చి అడిగితే ఏమన్నానో తెలుసా? "షట్టరు పాతబడిందప్పా. కెమెరానే దెబ్బతినిండాది" అన్నాను. అంగట్లో తెలీదనగూడదు, తప్పు ఒప్పుకోగూడదు అనే చదువు నాది. ఆయన నమ్మాడు. నా మాట నమ్మకపోవడం ఆయనకు చేతకాదు.

"అట్లయితే పెండ్లిండ్లు ఇంక ఒప్పుకోనన్నా" అన్నాడు. "పాస్‌పోర్టు ఫొటోలు తీసుకోని బతుకుతా."

పదకొండు రోజులు నేను అన్నం తిన్నాను, అంగడి తెరిచాను, మూశాను. ఆ రోజుల్లో చేసిన పని ఒక్కటీ గుర్తులేదు.

పన్నెండో రోజు దస్తగిరి ఒక కవరుతో వచ్చాడు. దాంట్లో ఫిల్ము ముక్క.

"ఆ పాప మునిలక్ష్మి రెండు దినాలకొకసారి స్టూడియోకొచ్చి కూచుంటాదన్నా. ఏమీ అనదు. ఒక్కటన్నా రాలేదా అంటాది, అంతే. నిన్న ఈ ఫిల్ము అడిగి తీసుకోని కిటికీ కాడ పట్టుకునింది. సానాసేపు సూసి, 'అన్నా, మా నాయన తలపాగా తెల్లది. ఈడ నల్లగా ఏమో గుండ్రంగా ఉండాది, ఇదేనా?' అనె."

ఫిల్ములో తెల్లది నల్లగా కనిపిస్తుంది. ఆ సంగతి ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. నేను భూతద్దం పెట్టి చూశాను. పందిరి ఆకుల సందుల్లోంచి పడ్డ పగటి వెలుతురు ఆ ఫిల్మును కొంచెంగా, చాలా కొంచెంగా తాకింది. గాజు మీద ఊదిన ఊపిరి లాగా ఒక తలపాగా, దాని కింద ఒక మొహం ఉండాల్సిన చోటు.

ఇక నావల్ల కాలేదు. సూది, గంధం పొడి, రెండు రంధ్రాలు, అన్నీ చెప్పేశాను. దస్తగిరి తల వంచుకుని విన్నాడు. ఆయన కోసం తెప్పించిన టీ మీద మీగడ కట్టింది.

"తెలీకపోతే తెలీదని చెప్పొచ్చు గదన్నా" అన్నాడు చివరకు. "నేను ఇంగొకర్ని అడిగుందును. పైన దాంట్లో పుల్ల పెట్టి గీకుందును. మా ఇంట్లో గూడా నన్నే అనె, నువ్వే ఏదో మరిసిపోయింటావని. నేనూ అట్లే అనుకుంటి."

ఆయన లేచి గడప దాకా పోయి నిలబడ్డాడు. అక్కడినుంచే అన్నాడు:

"ఆదివారం పుంగనూరికి రా. బొమ్మ దించేదానికి అవుతాదేమో సూద్దాం."

ఆ ఆదివారం ముందుగా పెళ్ళికొడుకు వాళ్ళింటికే పోయి, ఇది దస్తగిరి చేసింది కాదు, నేను చేసింది అని చెప్పాను. వాళ్ళు నన్ను కూర్చోమనలేదు. అది న్యాయమే.

తొమ్మిదో కాగితం

అది రంగుల ఫిల్ము. రంగుల్లో దాన్నుంచి ఇక ఏమీ రాదు. దస్తగిరి డార్క్‌రూమ్‌లో నలుపు తెలుపు కాగితం పాత ప్యాకెట్టు ఒకటి ఉంది, చాలా హార్డు రకం, అంటే నలుపుకూ తెలుపుకూ మధ్య తేడాను పెంచి చూపేది. రంగుల ఫిల్మును ఆ కాగితం మీద దించడానికి లెక్కంటూ ఏదీ లేదు. పెట్టి చూడడమే.

మొదటి కాగితం బొగ్గులా వచ్చింది. రెండోది అంతే. వెలుగు తగ్గించాం, పెంచాం. మొహం నల్లబడకుండా తీగకు గుచ్చిన అట్టముక్కను ఆ ఒక్క చోట అడ్డం పెట్టి కదిలిస్తూ ఉండాలి. కదపడం ఆగితే అట్ట నీడ పడుతుంది, ఎక్కువైతే మొహం పాలిపోతుంది. అట్ట నా చేతిలో, ట్రే దస్తగిరి చేతిలో. ఆ చీకటి గదిలో ఎర్ర బల్బు కింద మేమిద్దరం మూడు గంటలు అవసరమైన మాటలే మాట్లాడుకున్నాం. "ఇంగ రెండు సెకండ్లు." "చాలు." "తియ్యి." ఆ మాటలు వినడం నాకు ఎంత హాయిగా ఉండిందో.

తొమ్మిదో కాగితం మీద ముందు తలపాగా వచ్చింది. తర్వాత చెవి. తర్వాత మెల్లగా బుగ్గ ఎముక, మీసం, వంచిన రెప్పలు. ఇసుకతో గీసినట్టు గరుగ్గా ఉంది. అయినా ఆ మొహం ఫలానా మనిషిదని చెప్పొచ్చు.

"వచ్చినాడన్నా" అన్నాడు దస్తగిరి, గడపలోకి ఎవరో వచ్చినట్టు.

కాగితం ఆరాక టచింగ్ నేను చేస్తానన్నాను. ఫిల్ము మీద దుమ్ము, వెంట్రుకలు ఉంటే ప్రింటు మీద తెల్ల చుక్కలుగా, గీతలుగా పడతాయి. సన్న కుంచెతో పల్చని ఇంకు పెట్టి వాటిని కప్పాలి. టంకం పనితో నా చెయ్యి వణకదు. ఒక్కో చుక్కా పూడ్చుకుంటూ వచ్చాను. ఎడమ బుగ్గ మీద కంటి నుంచి మీసం దాకా సన్నని తెల్లగీత ఉంటే, వెంట్రుక అనుకుని దాన్నీ శుభ్రంగా పూడ్చేశాను. కుడిబుగ్గ మీద అలాంటిదే ఇంకొకటి ఉంది. అంతలో కుప్పం బస్సుకు టైమైందని దస్తగిరి తొందరపెట్టాడు. ఇది అంతగా కనిపించదులే అని కుంచె కడిగేశాను.

కుప్పం దగ్గర పల్లెలో

మునిలక్ష్మి అప్పటికే అమ్మగారింటికి వచ్చి ఉంది. మేము పోయేసరికి ఆమె తల్లి నరసమ్మ పట్టుపురుగుల తట్టల్లో మల్బరీ ఆకు వేస్తూ ఉంది. భర్త పోయాడని పురుగులు తినడం మానవు. చేతులు కడుక్కుని వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. దస్తగిరి కవరు కూతురి చేతికిచ్చాడు.

మునిలక్ష్మి బయటికి తీసి చూసింది. "నాయనే" అని మాత్రం అని తల్లి ఒళ్ళో పెట్టింది.

నరసమ్మ ప్రింటును వాకిలి వెలుతురు వైపు తిప్పి పట్టుకుంది. చాలాసేపు చూసింది.

"ఏడుస్తాండాడే ఈయప్ప" అంది.

దుమ్మమ్మా అది, అని నోటిదాకా వచ్చింది. ఆగి నేనూ వంగి చూశాను. కుడిబుగ్గ మీద నేను వదిలేసిన ఆ గీత సరిగ్గా కంటి కొసన మొదలవుతుంది. వెంట్రుక అంత నేరుగా ఉండదు. పందిరి సందులోంచి వచ్చిన పక్కవెలుతురు తడి మీద పడి మెరిసింది.

"నేను సూడనే ల్యా" అంది నరసమ్మ. "పక్కనే ఉంటి గదా, నీళ్ళు పోస్తా. ధార తెగనీకు తల్లీ అని అయ్యోరు గట్టిగా చెప్పె. నా కండ్లన్నీ చెంబు మీదనే ఉండె. లోపలికి తీసకపోయినాక అడిగితి, ఏమయ్యా, కండ్లు ఎర్రగుండాయే అని. పొగ అనె."

మునిలక్ష్మి తల్లి భుజం మీదుగా మళ్ళీ చూసింది.

మొదటి తప్పును పదకొండు రోజులు దాచిన మనిషిని నేను. రెండోదాన్ని పదకొండు క్షణాలు కూడా దాచలేకపోయాను. "అమ్మా, ఆ పక్క బుగ్గ మీద గూడా ఇట్లాంటిదే ఉండె. దుమ్మనుకోని నేనే ఇంకు పెట్టి పూడ్చేసినా. పెండ్లిలో వెలుతురు పడకుండా పోయింది గూడా నా వల్లనే, ఈ దస్తగిరి వల్ల కాదు. ఫిల్ము భద్రంగా ఉండాది. ఇంకో బొమ్మ దించి తెస్తా, ఏదీ పూడ్చకుండా" అన్నాను.

ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుని, ఆ ప్రింటు మీద క్రిష్ణప్ప కుడిబుగ్గను పైనుంచి కిందికి ఒకసారి మెత్తగా తుడిచింది.

"ఆ పక్కది నువ్వు తుడిస్తివి గదప్పా" అంది. "ఈ పక్కది నన్ను తుడవనీ."